గొడుగు డైలాగులు

"ఈ పేజీ మొత్తం ఒకటే రకం వాన కురుస్తోంది. ఎవరు రాశారిది?"

ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట ఇది. నమస్కారం లేదు, కొత్తగా చేరానన్న పరిచయం లేదు. చేతిలో నా స్క్రిప్టు. దాని నిండా ఆకుపచ్చ సిరా.

"నేనే రాశాను," అన్నాను, ఎవరో నాకిచ్చిన బిరుదు వెనక్కి ఇచ్చెయ్యమన్నట్టు చిన్నబుచ్చుకుని. "వాన వానే కదండీ. అందులో రకాలేంటి?"

"ఉంటాయి. ఈ సీరియల్లో పాప జపాన్ భాషలో ఇక్కడ 'పొత్సు పొత్సు' అంది. అంటే ఒక్కో చినుకూ పడుతోందని. ఇక్కడ 'షితో షితో' అంది. అంటే సన్నగా ముసురు పట్టింది. ఇక్కడ 'జా జా'. కుండపోత. మీరు మూడింటికీ 'చిటపట చినుకులు' అని రాశారు. కుండపోతలో చిటపట ఎలా వినిపిస్తుంది?"

అద్దాల గదిలో ఉన్న సౌండ్ ఇంజినీరు మైకు ఆన్ చేసి మరీ నవ్వాడు. వాడి నవ్వు రెండు స్పీకర్లలోంచీ వచ్చి నా రెండు చెవుల్లో పడింది.

మాది డబ్బింగ్ స్టూడియో. పేరు గొప్పే గాని ఉన్నవి రెండు గదులు. గోడల నిండా నల్ల స్పాంజి. రికార్డింగ్ జరుగుతుంటే చప్పుడని ఏసీ ఆపేస్తారు. కాబట్టి మీరు టీవీలో చూసే మంచుకొండల సీన్లన్నీ మేం చెమటలు కక్కుతూ పలికినవే. జపాన్ కార్టూన్లు ఇంగ్లీషు స్క్రిప్టుతో మాకు వస్తాయి. నేను వాటికి తెలుగు మాటలు రాస్తాను. నాకు జపాన్ భాష ఒక్క ముక్క రాదు. ఇంగ్లీషు కూడా సగం చదివి, మిగతా సగం ఊహించుకుంటాను. ఆరేళ్ళలో పదకొండు సీరియళ్ళు రాశాను. వాటిలో అమ్మాయిలందరూ ఒకేలా అలుగుతారు, విలన్లందరూ ఒకేలా నవ్వుతారు. దాన్ని నేను నా స్టైల్ అనుకునేవాణ్ణి.

సీరియల్ తీసిన కంపెనీ వాళ్ళకి మాత్రం అలా అనిపించలేదు. భాష తెలిసిన చెకర్‌ని పెట్టకపోతే పని వేరేవాళ్ళకి ఇస్తామని మెయిల్ కొట్టారు. మా ఓనరు వణికిపోయి ఈ అమ్మాయిని పట్టుకొచ్చాడు.

ఆరోజే ఆమె అందరినీ నిలబెట్టి చెప్పింది. "నాకు ఆటిజం ఉంది. దానివల్ల మీకేం ఇబ్బంది ఉండదు. రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. హింట్లు ఇస్తే నాకు చేరవు, ఏదైనా ఉంటే మాటల్లో చెప్పండి. చెప్పకుండా నా భుజం మీద చెయ్యి వెయ్యకండి."

ఇంత స్పష్టంగా నాకు ఎవరూ ఏదీ చెప్పలేదు. అయినా మావాళ్ళ తెలివితేటలు చూడాలి. ఓనరు ఆ క్షణం నుంచి ఆమెతో చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా, ఒక్కో ముక్కా విడగొట్టి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇంజినీరు, "జపాన్ వచ్చంటే కరాటే కూడా వచ్చుండాలే?" అన్నాడు. అది గొప్ప జోకనుకుని ఆమెకి "జపాన్" అని పేరు పెట్టాడు. మేమందరం అదే పేరుతో పిలిచాం. ఆమె ఏమీ అనలేదు. తనకి ఇష్టమైన దేశం పేరు కదా అనుకుందట.

ఇష్టమంటే మామూలు ఇష్టం కాదు. పదకొండో ఏట ఒక పాత పుస్తకంలో జపాన్ రైళ్ళ బొమ్మ చూసిందట. అప్పట్నుంచి పన్నెండేళ్ళుగా అదే లోకం. భాష తనంతట తనే నేర్చుకుంది. ఎప్పుడూ వెళ్ళని దేశంలో, ఎవరికీ తెలియని ఊళ్ళో, మొదటి రైలు ఎన్నింటికి కదులుతుందో చెప్తుంది. గుడ్డ ముక్కతో డబ్బా కట్టే పద్ధతులు చేసి చూపిస్తుంది. అడిగితే ఒక్క వాన గురించే గంటసేపు మాట్లాడుతుంది. మా స్టూడియోలో ఎవరూ అడగలేదు. క్రికెట్ స్కోర్లు తాతల కాలం నుంచి అప్పజెప్పే ఇంజినీరు మాత్రం, "పిచ్చి ముదిరింది," అన్నాడు.

మూడో వారంలో ఆకుపచ్చ సిరాతో నా స్క్రిప్టు మార్జిన్‌లో ఒక మాట కనిపించింది. "ఈ లైను అసలుదాని కన్నా బాగుంది."

అంతే, నేను పడిపోయాను. నవ్వకండి. ఆరేళ్ళుగా నన్ను మెచ్చుకున్నవాళ్ళందరూ ఏదో పని ఉండి మెచ్చుకున్నారు. ఈ అమ్మాయికి ముఖస్తుతి చెయ్యడం రాదు. ఆ మాట నిజం కాకపోతే ఆమె రాయదు.

ప్రేమకథలు రాసేవాణ్ణి కాబట్టి ప్రేమ ఎలా చెప్పాలో నాకు బాగా తెలుసనుకున్నాను. ముందు చూపులు మొదలుపెట్టాను. ఓరచూపు, దొంగచూపు, కిటికీలోంచి చూసినట్టు నటిస్తూ చూసే చూపు. వారం రోజులు విసిరాను.

"మీ కంట్లో నలక పడిందా?" అంది ఒక మధ్యాహ్నం. "వాష్‌బేసిన్ అటుంది."

సరే, చూపులు కాకపోతే వాన ఉంది. నా పదకొండు సీరియళ్ళలోనూ ఇద్దరు దగ్గరవ్వాలంటే నేను వాన కురిపిస్తాను. అది ఎంత చవకబారు పద్ధతో అప్పుడు తెలియలేదు. ఒక సాయంత్రం ఆఫీసు వదిలే వేళకి నిజంగానే వాన వచ్చింది. మెట్ల దగ్గర రేకుల కప్పు కింద ఆమె చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడి ఉంది. రేకుల మీద వాన చప్పుడు ఆమెకి గుచ్చుకుంటుంది. నేను గొడుగు తెరిచి, నా హీరోలందరూ నవ్వే నవ్వొకటి నవ్వి, "రండి, బస్టాప్ దాకా దింపుతాను," అన్నాను.

ఆమె హెడ్‌ఫోన్ ఒకవైపు జరిపి విని, తల అడ్డంగా ఊపింది. "వద్దు. జపాన్‌లో ఒకే గొడుగులో ఇద్దరు నడిస్తే ప్రేమికులని అర్థం. అందుకే నా గొడుగు నేను తెచ్చుకున్నాను."

బ్యాగులోంచి పొట్టి గొడుగు తీసి, తెరిచి, వెళ్ళిపోయింది. పైమెట్టు మీద నుంచి ఇంజినీరు ఇదంతా చూశాడు. మర్నాడు పొద్దున్నే స్టూడియో అంతా నన్ను చూసి పళ్ళికిలించింది.

ఇక్కడ నేను చేసిన వెధవపని చెప్పాలి.

అప్పుడు మేం చేస్తున్న సీరియల్లో స్కూలుకెళ్ళే పాప ఒకతి, ఆ పాప దగ్గర మాట్లాడే పాత గొడుగొకటి ఉంటాయి. వందేళ్ళు వాడిన వస్తువుకి ప్రాణం వస్తుందని అక్కడ ఒక కథ ఉందిలెండి. గొడుగుకి గొంతు ఇచ్చేది నేనే. ఆరోజు కూర్చుని, ఒట్టి అక్కసుతో, ఆ గొడుగుకి ఆమె మాటతీరు పెట్టాను. అదే తిన్నని గొంతు, అదే "మీరన్నది తప్పు", ఎవరైనా "ఒక్క నిమిషం" అంటే అరవై అంకెలు లెక్కపెట్టి "అయిపోయింది" అనడం. పాప ఏడుస్తుంటే గొడుగు, "ఇది ఏ రకం ఏడుపు?" అని అడుగుతుంది. రికార్డింగ్‌లో ఇంజినీరు కుర్చీలోంచి జారిపోయేలా నవ్వాడు. ఓనరు వచ్చి నా వీపు తట్టాడు. ఎపిసోడ్ టీవీలో వచ్చాక పిల్లలు ఎగబడి చూశారు. "గొడుగు డైలాగులు పెంచు," అని ఆర్డరు. నేను పెంచాను.

ఆ స్క్రిప్టులన్నీ చెక్ చేసింది ఆమే. గొడుగు మాటల్లో ఒక్కదానికీ ఆకుపచ్చ గీత పడలేదు.

"గొడుగు చాలా బాగా మాట్లాడుతోంది," అంది ఒకరోజు, టిఫిన్ డబ్బా తెచ్చుకుని నా టేబుల్ దగ్గర కూర్చుంటూ. తనంతట తను నా దగ్గరికి రావడం అదే మొదలు. "ఈ సీరియల్లో బుర్ర ఉన్నది దానికొక్కదానికే. నాకు చాలా ఇష్టం. దాని మాటలు మీరెలా రాస్తారు?"

"అదే... అలా వచ్చేస్తాయి," అన్నాను.

అప్పుడే చెప్పెయ్యాల్సింది. చెప్పలేదు. ఎందుకంటే మర్నాడు కూడా ఆమె నా దగ్గరే కూర్చుంది. ఆ మర్నాడూ. నాలుగు నెలలు. గొడుగు గురించి మొదలుపెట్టి, ముసురుకీ తుప్పరకీ తేడా దగ్గరికి వచ్చి, నిశ్శబ్దానికి కూడా వాళ్ళ భాషలో ఒక చప్పుడు ఉందని చెప్పింది. "షీన్ అంటారు. ఏమీ వినిపించకపోతే అలా వినిపిస్తుంది." నేను ఆమె చెప్పిందంతా విన్నాను. మొదట్లో ఆమె కోసం, తర్వాత ఆ సంగతుల కోసం. నా రాతలో వానలు విడివిడిగా కురవడం మొదలైంది. తనని "నువ్వు" అనమని నాతో అంది. తను మాత్రం "మీరు" దగ్గరే ఉంది. ఎవరినైనా "నువ్వు" అనడానికి తనకి రెండేళ్ళు పడుతుందట.

ఒక ఆదివారం ఇంటికి తీసుకెళ్ళింది. తల్లి లేదు. నాన్న స్కూలు బస్సు నడుపుతాడు. రోజూ అరవైమంది పిల్లల అరుపుల మధ్య ఉండే మనిషి కాబట్టి ఇంట్లో పెద్దగా మాట్లాడడు. నాకు కాఫీ తెచ్చిచ్చి, ఎదురుగా కూర్చుని, నన్ను పాత టైరుని చూసినట్టు చూశాడు.

"బాబూ, దీన్ని చూసి నవ్వేవాళ్ళని చిన్నప్పట్నుంచి చూస్తున్నాను. బంధువులకైతే కాఫీ కూడా ఇవ్వను. 'పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది' అంటారు, ఇది ఏదో బెణుకైనట్టు. నువ్వు నవ్వట్లేదని చెప్పింది. అందుకే రమ్మన్నాను."

ఆ కాఫీ నేనెలా మింగానో నాకే తెలుసు.

నిజం బయటపెట్టింది ఓనరు. ఛానెల్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. అందరం చుట్టూ కూర్చున్నాం. ఆయన గొడుగుని తెగ పొగిడాడు. ఓనరు ఉబ్బిపోయి, "ఎక్కడో వెతకక్కర్లేదు సార్, మా జపానే మా గొడుగు! చూడండి!" అని, ఆమెలాగే మెడ నిటారుగా పెట్టి, "ఇది ఏ రకం ఏడుపు?" అన్నాడు.

అందరూ నవ్వారు. అందరూ నవ్వుతున్నారు కాబట్టి ఆమె కూడా నవ్వింది. అలా చెయ్యాలని చిన్నప్పుడు ఎవరో నేర్పారట. రెండు క్షణాల తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది.

"గొడుగు నేనా?" అని నన్ను అడిగింది.

నేను ఓనరు వైపు చూశాను.

"నవ్వు ఎక్కడ వస్తుంది?" అంది. కోపంగా కాదు. తెలియని మాటకి అర్థం అడిగినట్టే అడిగింది. "నేను అన్ని లైన్లూ చదివాను. తప్పుల్లేవు. ఏ మాట దగ్గర నవ్వు వస్తుంది?"

ఆమె చెప్పిన ఆ నిశ్శబ్దపు చప్పుడు నాకు ఆ గదిలో మొదటిసారి వినిపించింది. ఆమె ఆకుపచ్చ పెన్ను క్యాప్ పెట్టి, బ్యాగులో వేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ వారం రాలేదు.

ఓనరుకి కంపెనీ భయం పట్టుకుంది. "ఏదో సరదాకి అన్నానయ్యా, అంత మాత్రానికే మానేస్తారా? సెన్సిటివ్ మనుషులతో ఇదే గొడవ," అన్నాడు. ఆయన్ని తిడదామని నోరు తెరిచాను. కాని ఆ మనిషి చేసింది మిమిక్రీ ఒక్కటే. రాసిచ్చింది నేను. ఆమె లేకుండా ఆ టేబుల్ దగ్గర కూర్చోవడం నావల్ల కాదని అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం?

ఆమె ఇంటికి వెళ్ళాను. వాళ్ళ నాన్న గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మనలేదు.

"గొడుగు బాబు వచ్చాడు," అన్నాడు. "ఇచ్చిన కాఫీ వెనక్కి తీసుకునే వీలుంటే తీసుకునేవాణ్ణి."

"అంకుల్, ఒక్కసారి సారీ చెప్పి..."

"సారీ వద్దంది. ఇది ఇమ్మంది." జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. ఆకుపచ్చ సిరాతో రెండే వాక్యాలు. "అన్ని స్క్రిప్టుల్లోనూ నవ్వు వచ్చే చోట గుర్తు పెట్టి తీసుకురండి. అబద్ధం గుర్తులు పెట్టవద్దు."

రెండు రోజులు సెలవు పెట్టి కూర్చున్నాను. రాసేటప్పుడు నేను ఎంత తెలివైనవాణ్ణనుకున్నానో, గుర్తులు పెడుతుంటే అంత రోత పుట్టింది. మొదటి స్క్రిప్టులో పెన్సిల్ చాలాసార్లు ఆగింది. ఇక్కడ జనం నవ్వారు, నిజమే. దేనికి నవ్వారు? ఒక మనిషి ప్రశ్నని ప్రశ్నలా అడిగినందుకు. దాని పక్కన గుర్తు పెట్టడమంటే నా చెంప మీద నేనే కొట్టుకోవడం. పెట్టాను. పద్నాలుగు స్క్రిప్టుల్లో అరవై మూడు చోట్ల పెట్టాను.

ఆదివారం స్కూలు బస్సులన్నీ షెడ్డులో వరసగా ఆగి ఉంటాయి. ఫోన్ చేస్తే వాళ్ళ నాన్న అక్కడికే రమ్మన్నాడు. ఆమె నాన్న బస్సులో మూడో సీట్లో కూర్చుని ఉంది. సెలవు రోజుల్లో ఆ ఖాళీ బస్సు ఆమెకి హాయిగా ఉంటుందట. ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని గుడ్డతో స్టీరింగ్ తుడుస్తున్నాడు. అది తళతళా మెరుస్తున్నా తుడుస్తూనే ఉన్నాడు.

ఆమె కాగితాలు తీసుకుంది. ఒక్కో పేజీ చదివి, కొన్ని ఎడమవైపు సీటు మీద, కొన్ని కుడివైపు సీటు మీద పెట్టింది. మధ్యలో రెండుసార్లు ఫక్కున నవ్వింది. నేను సీట్ల మధ్య దారిలో నిలబడి ఉన్నాను. కూర్చోమని ఎవరూ అనలేదు.

చివరికి ఎడమవైపు దొంతర మీద చెయ్యి పెట్టింది. "ఇవి నిజంగా జోకులు. పాప బడికి ఆలస్యమవుతుంటే గొడుగు అరవై లెక్కపెట్టడం బాగుంది. నేను అలా చేస్తాను. నవ్వొచ్చింది."

కుడివైపు దొంతర మీద చెయ్యి పెట్టింది. అదే పెద్దది.

"వీటిల్లో జోకు లేదు. నేను ఉన్నాను, అంతే. నేనుంటే నవ్వొస్తుందా?"

స్టీరింగ్ తుడుస్తున్న చెయ్యి ఆగింది.

"లేదు," అన్నాను. "ఆరోజు నా గొడుగులోకి రాలేదని కడుపుమంటతో రాశాను. అందరూ నన్ను చూసి నవ్వుతుంటే, ఆ నవ్వు నీ మీదికి మళ్ళించాను. నువ్వు మెచ్చుకుంటుంటే, ఆపితే నువ్వు నా పక్కన కూర్చోవేమోనని ఆపలేదు."

"మీరు బస్టాప్ దాకా దింపుతానన్నారు. ప్రేమ అని అనలేదు. అని ఉంటే ఆలోచించి చెప్పేదాన్ని."

"అవును."

"నాలుగు నెలలు నేను ఆ గొడుగు ఒక్కటే నాలాంటిది అనుకున్నాను. ఇంకెవరైనా నాలాంటివాళ్ళు ఉన్నారనుకున్నాను." ఆమె గొంతు ఎప్పటిలాగే తిన్నగా ఉంది. చేతులు మాత్రం కాగితాల అంచుల్ని పదే పదే సరిచేస్తున్నాయి. "అది నేనే అని తెలిశాక, మళ్ళీ ఒక్కదాన్నే అయ్యాను."

నాకు ఏడుపొచ్చింది. అది ఏ రకం ఏడుపో ఆమె అడగలేదు. అడిగితే సిగ్గుతో వచ్చిందని చెప్పేవాణ్ణి.

"కుడివైపువన్నీ మళ్ళీ రాస్తాను," అన్నాను. "ఓనరుతో చెప్పేశాను. తిరిగి రికార్డు చెయ్యకపోతే మాటలు వేరేవాడి చేత రాయించుకోమన్నాను. పిచ్చెక్కిందా అన్నాడు. ఛానెల్ వాళ్ళు మళ్ళీ వేసేలోపు, సెలవు రోజుల్లో చేసుకో పొమ్మన్నాడు. ఇంకొకటుంది. అది... అంటే నేను చెప్పాలనుకున్నది... నువ్వు మళ్ళీ ఆఫీసుకి రాకపోయినా సరే... వస్తే మంచిదే, కాని దానికోసం కాదు... నాకు నువ్వంటే..." చేతులకి ఏం పని చెప్పాలో తెలియక బస్సు పైకమ్మీ పట్టుకున్నాను. "ప్రేమ. నిన్ను ప్రేమిస్తున్నాను. అదీ సంగతి. వాన లేదు, ఏం లేదు."

డ్రైవరు సీట్లోంచి ఆయన వెనక్కి తిరిగాడు. "ఇతను డైలాగులు రాసేవాడేనా?" అని కూతుర్ని అడిగాడు.

"అవును నాన్నా. చాలా అధ్వాన్నంగా చెప్పారు. అందుకే నిజమని తెలిసింది." తర్వాత నా వైపు తిరిగి, నా చొక్కా బొత్తాం వైపు చూస్తూ చెప్పింది. ఆమె ఎవరి కళ్ళలోకీ చూడదు. అది నాకిప్పుడు అలవాటే. "నాకు ఇష్టమైనవాటికి ఒక వరస ఉంది. మీరు రెండో స్థానంలో ఉండేవారు. పోయిన వారం పన్నెండుకి పడిపోయారు. ఈ గుర్తులు నిజంగా పెట్టారు కాబట్టి ఆరుకి వచ్చారు. ఈరోజుకి అంతే."

ఆరు! పరీక్ష పాసైనప్పుడు కూడా నాకింత సంతోషం కలగలేదు.

"మొదటిది జపాన్, తెలిసిందే," అన్నాడు ఆయన, గుడ్డ భుజాన వేసుకుంటూ. "నేను ఎన్నో స్థానం అమ్మా?"

"మీరు మూడు, నాన్నా. ఎప్పుడూ మూడే."

"మరి రెండో స్థానంలో ఇప్పుడెవరున్నారు?"

"ఎవరూ లేరు. ఖాళీగా ఉంది."

"ఖాళీగా ఉంటే నేను ముందుకి జరగొచ్చుగా?"

"కుదరదు నాన్నా," అంది ఆమె, కుడివైపు దొంతర తీసి నా చేతుల్లో పెడుతూ. "అది ఆయనది."